వాన్ హేలెన్ హిట్ల సంకలనం వినేవారికి ఒక చిట్కా

ప్రధాన గాయకులు మారిన రాక్ బృందపు సంకలనం వినే ముందు, ప్రతి పాట పక్కన అది మొదట వెలువడిన ఆల్బమ్ సంవత్సరాన్ని రాసుకుంటే, ఏ గొంతు ఎవరిదో తేలికగా తెలుస్తుంది. వాన్ హేలెన్ విషయంలో ఇది బాగా ఉపయోగపడుతుంది. 1978 నుంచి 1984 వరకు వచ్చిన ఆరు స్టూడియో ఆల్బమ్‌లలో డేవిడ్ లీ రాత్, 1986 నుంచి 1995 వరకు వచ్చిన నాలుగింటిలో శామీ హేగర్ ప్రధాన గాయకులు.

1996లో వచ్చిన ‘బెస్ట్ ఆఫ్ వాల్యూమ్ 1’ పాటలను కాలక్రమంలో అమర్చింది కనుక దానితో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. అయితే దాని చివరనున్న రెండు కొత్త పాటల కోసం రాత్ తిరిగి వచ్చి పాడారు కాబట్టి, అక్కడ సంవత్సరాన్ని మాత్రమే నమ్ముకుంటే పొరపాటు పడతారు. 2004 నాటి ‘ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’ మరింత చిక్కుగా ఉంటుంది. రెండు డిస్కులలో 36 పాటలున్న ఆ సంకలనంలో ఇద్దరి పాటలూ కలగలిసి వస్తాయి. చివరి మూడూ రాత్ కాలపు పాటలే అయినా, వేదికపై పాడినది మాత్రం హేగర్. అందువల్ల ‘లైవ్’ అని ఉన్న పాటలకు అసలు సంవత్సరం కాక, ఆ ప్రదర్శన రికార్డయిన కాలాన్ని చూసుకోవాలి.

మూడవ గాయకుడు గ్యారీ షెరోన్ కోసం మాత్రం ఈ రెండింటిలోనూ వెతకకండి. ఆయన గొంతు వినాలంటే 1998 నాటి ‘వాన్ హేలెన్ 3’ ఆల్బమ్‌ను విడిగా తెచ్చుకోవలసిందే.