పికప్‌తో కార్ల రవాణా, మూడో పాఠం: సీడీఎల్ లెక్క ప్లేటు మీద మొదలవుతుంది

అమెరికాలో పికప్ వెనక కార్ ట్రైలర్ తగిలించి వేలంలో కొన్న కార్లు తెచ్చుకునేవాళ్లయినా, కిరాయికి తోలేవాళ్లయినా మొదట అడిగేది సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు) కావాలా అనే. గత పాఠంలో హిచ్, బ్రేక్ కంట్రోలర్ చూశాం. ఈ పాఠానికి కాగితం, పెన్ను, టార్చిలైటు ఉంటే చాలు. చదవడం బండి దగ్గర నిలబడే మొదలుపెట్టండి.

ట్రక్కు ప్లేటు (రిజిస్ట్రేషన్ నంబరుది కాదు, తయారీదారు అంటించిన బరువుల లేబులు) డ్రైవరు తలుపు తెరవగానే అంచు మీదో, పక్క స్తంభం మీదో ఉంటుంది. ట్రైలరుది ఎడమ పక్కన, ముందు సగంలో. రెండింటి మీదా జీవీడబ్ల్యూఆర్ వెతకండి. బండి సొంత బరువు, ఎక్కించిన బరువు కలిపి ఎంత దాటకూడదో తయారీదారు పెట్టిన హద్దు అది. డీలరు గొప్పగా చెప్పే టోయింగ్ కెపాసిటీ వేరు, దానికీ లైసెన్సుకీ సంబంధం లేదు. ట్రక్కు ప్లేటు మీద జీసీడబ్ల్యూఆర్ (ట్రక్కు, ట్రైలరు, సరుకు అన్నీ కలిపి దాటకూడని హద్దు) కూడా విడిగా ముద్రించి ఉంటే అదీ రాసుకోండి. కింద చెప్పే కూడిక (రెండు జీవీడబ్ల్యూఆర్‌ల మొత్తం) కన్నా అది పెద్దదైతే దాన్నే తీసుకోవాలి.

క్లాస్ ఏ సీడీఎల్‌కి (ట్రైలరు లాగే బరువైన జోడీకి కావాల్సినది) రెండు షరతులు ఉన్నాయి, రెండూ ఒకేసారి నిజం కావాలి. ట్రక్కు, ట్రైలరు కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉండాలి. ట్రైలరు ఒక్కటే 10,000 పౌండ్లు దాటాలి. ఒకటి కుదిరి ఒకటి కుదరకపోతే క్లాస్ ఏ అక్కర్లేదు.

14,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న డ్యూలీకి (వెనక ఇరుసుకి నాలుగు చక్రాలున్న పికప్) 9,990 పౌండ్ల ట్రైలరు కడితే మొత్తం 23,990. సీడీఎల్ వద్దు. అదే డ్యూలీకి 14,000 ట్రైలరు కడితే 28,000, ట్రైలరూ 10,000 దాటింది కాబట్టి క్లాస్ ఏ కావాలి. 10,000 పౌండ్ల పికప్‌కి అదే 14,000 ట్రైలరు కడితే మొత్తం 24,000 మాత్రమే, సీడీఎల్ లేకుండా నడుస్తుంది. చాలామంది పొరబడేది 19,500 పౌండ్ల ఛాసీ ట్రక్కు వెనక 9,990 ట్రైలరు దగ్గర. మొత్తం 29,490 అయినా ట్రైలరు 10,000 లోపే, ట్రక్కు ఒంటరిగా 26,001 లోపే. క్లాస్ ఏ కాదు, క్లాస్ బీ (ఒంటరిగానే 26,001 లేదా ఆపైన ఉన్న ట్రక్కుది) కూడా కాదు.

ఇక అసలు మెలిక. రూల్లో ఉన్న మాట “రేటింగు, నిజమైన బరువు, ఏది ఎక్కువైతే అది”. కాబట్టి ట్రైలరు ఖాళీగా ఉంది కదా అని 28,000 రేటింగు జోడీని సీడీఎల్ లేకుండా తీసుకెళ్లడం కుదరదు. పోలీసు ప్లేటు చూస్తాడు. నిజమైన బరువు వైపు మోసం ఇంకా పెద్దది. మూడు కార్లు పట్టే వెడ్జ్ ట్రైలర్లను 12,000 పౌండ్లకు రేటింగు తగ్గించి “నాన్-సీడీఎల్” అని అమ్ముతారు. 14,000 డ్యూలీతో కలిపితే సరిగ్గా 26,000, కాగితం మీద అంతా సవ్యమే. కానీ ఆ ట్రైలరు ఖాళీ బరువు 5,000 అనుకోండి. మిగిలేది 7,000. మామూలు సెడాన్ ఒకటి 3,400 దాకా తూగుతుంది, అంటే రెండు ఎక్కేసరికే హద్దు వచ్చేసింది. మూడో కారు పెడితే ట్రైలరు 15,000 దాటుతుంది. అప్పుడు ఓవర్‌లోడు ఒక కేసు, సీడీఎల్ లేకపోవడం ఇంకో కేసు. మూడు స్లాట్లు చూసి మూడు కార్ల ఆదాయం లెక్క వేసుకునేవాళ్లు ఇక్కడే మునుగుతారు. మా సలహా, కొనేముందు ఖాళీ ట్రైలరును ట్రక్ స్టాపు కాటా మీద తూయించమనండి. బ్రోషరు బరువులో స్పేర్ టైరు, ర్యాంపులు, విన్చ్ లెక్క ఉండకపోవచ్చు.

సీడీఎల్ వద్దని తేలితే పని అయిపోలేదు. 10,001 పౌండ్ల గీత పూర్తిగా వేరే చట్టం. వ్యాపార పని మీద, రాష్ట్రాల మధ్య, జోడీ 10,001 లేదా ఆపైన ఉంటే ఫెడరల్ నిబంధనలన్నీ వర్తిస్తాయి. 7,050 పౌండ్ల మామూలు హాఫ్-టన్ పికప్‌కి 7,000 పౌండ్ల ట్రైలరు కట్టినా 14,050 అవుతుంది. యూఎస్ డాట్ నంబరు (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుని, దాన్నీ కంపెనీ పేరునూ ట్రక్కుకి రెండు పక్కలా రాయించాలి. డ్రైవరుకి 21 ఏళ్లు నిండాలి, మెడికల్ కార్డు ఉండాలి (గరిష్ఠంగా 24 నెలలు). ట్రక్కుకీ ట్రైలరుకీ ఏటా తనిఖీ, బండిలో 5 బీ:సీ అగ్నిమాపక సిలిండరు, మూడు రిఫ్లెక్టర్ త్రికోణాలు తప్పవు. రోజుకి 11 గంటల డ్రైవింగు, 14 గంటల పనివేళ హద్దులూ ఉన్నాయి. బేస్ నుంచి 150 ఎయిర్ మైళ్ల (రోడ్డు దూరం కాదు, నేరుగా గీత గీసి కొలిచేది) లోపు తిరిగి, వేళకు ఇంటికొచ్చేవాళ్లకు లాగ్ బుక్ మినహాయింపు ఉంది.

ఇతరుల కార్లు కిరాయికి రాష్ట్రాలు దాటించే వాళ్లకు పైన చెప్పినవాటితో పాటు ఎంసీ అథారిటీ (కిరాయికి రాష్ట్రాల మధ్య తోలే ఫెడరల్ అనుమతి), 10,001 పైబడిన బండికి కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ బీమా కావాలి. సొంత లాట్‌కి సొంత కార్లు తెచ్చుకునే డీలరుకి ఎంసీ వద్దు గానీ డాట్ నంబరు కావాలి. ట్రైలరు వెనక “నాట్ ఫర్ హైర్” స్టిక్కరు అంటించినంత మాత్రాన వ్యాపారం వ్యాపారం కాకుండా పోదు. పూర్తిగా సొంత కారును, డబ్బు ప్రసక్తి లేకుండా అప్పుడప్పుడూ తీసుకెళ్తే ఈ ఫెడరల్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అయినా టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల పెద్ద జోడీకి నాన్-కమర్షియల్ క్లాస్ ఏ అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. డాట్ నంబరు చేతికొచ్చినా కిరాయికి తోలే అనుమతి వచ్చినట్టు కాదు, ఆ వీసా మీద స్పాన్సరు కంపెనీ పనే చేయాలి.

క్లాస్ ఏ తప్పదని తేలినవాళ్లకు వరుస ఇది. మెడికల్ కార్డు, రాత పరీక్షలు (జనరల్ నాలెడ్జ్, కాంబినేషన్), పర్మిట్. 2022 ఫిబ్రవరి 7 నుంచి రిజిస్టర్డ్ స్కూల్లో శిక్షణ తప్పనిసరి. పర్మిట్ వచ్చిన 14 రోజులకు ముందు స్కిల్స్ టెస్ట్ ఇవ్వరు. 28,000 డ్యూలీ జోడీతోనే టెస్టుకి వెళ్లొచ్చు గానీ, లైసెన్సు మీద ఆంక్షలు పడతాయి. ఎయిర్ బ్రేకులు లేవని ఎల్, ఫిఫ్త్ వీల్ (సెమీ ట్రైలరును తగిలించే పళ్లెం లాంటి కొక్కెం) లేదని ఓ, ఆటోమేటిక్ గేరని ఈ. రేపు పెద్ద సెమీ తోలాలనుకుంటే మళ్లీ టెస్టే. ఒంటరి ఓనర్-ఆపరేటరు కూడా డ్రగ్ టెస్టుల కన్సార్టియంలో (డ్రైవర్లందరికీ కలిపి టెస్టులు నడిపే సంస్థ) చేరాలి.

అభ్యాసం. జవాబు చూడకుండా చేయండి.

1. పికప్ 11,500, ట్రైలరు 14,000. కాటా మీద ట్రైలరు 14,700 తూగింది.
2. 14,000 డ్యూలీ, 15,000 గూస్‌నెక్ (పికప్ తొట్టిలో తగిలించే ట్రైలరు), ఖాళీగా రిపేరుకి వెళ్తోంది. వ్యాపార బండి.
3. పొరుగు రాష్ట్రపు వేలం నుంచి వచ్చిన కారును, మీ రాష్ట్రంలోని యార్డు నుంచి కొన్నవాడి ఇంటికి 20 మైళ్లు కిరాయికి దించాలి. జోడీ 14,050.

జవాబులు: మొదటిది రేటింగు ప్రకారం 25,500, సీడీఎల్ వద్దు. నిజమైన బరువుతో 26,200, కాబట్టి కావాలి, పైగా ఓవర్‌లోడు. రెండోదానికి ఖాళీ అయినా క్లాస్ ఏ కావాలి. మూడోదానికి సీడీఎల్ వద్దు. కానీ ఆ 20 మైళ్లు అంతర్రాష్ట్ర ప్రయాణంలో చివరి ముక్కే కాబట్టి డాట్ నంబరు, ఎంసీ రెండూ కావాలి.

నాలుగో పాఠం కారును కట్టడం గురించి: ముందు రెండు, వెనక రెండు స్ట్రాపులు, వాటి డబ్ల్యూఎల్‌ఎల్ (ఎంత బరువు దాకా వాడొచ్చో చెప్పే హద్దు) ట్యాగులు. మీ స్ట్రాపుల మీద ట్యాగు చదవడానికి వీలుగా ఉందో లేదో ఈలోగా చూసి పెట్టుకోండి.