టైటిల్స్ కట్ చేసే ముందు

సినిమా మొదట్లో వచ్చే టైటిల్స్ ఉన్నది పేర్లు చూపడానికే అనుకుంటే సగం పని చెడినట్టే. ప్రేక్షకుడు సర్దుకుని కథ మూడ్‌లోకి వచ్చేది ఆ నిమిషంలోనే. అందుకే ముందు ఒక్క వాక్యం రాసుకోండి: మొదటి సీన్ వచ్చేసరికి అతనికి ఏమనిపించాలి, భయమా, వెటకారమా? సంగీతం, ఫాంట్, రంగు అన్నీ దానికి లొంగాల్సిందే.

ఒక్క పేరున్న కార్డుకి (తెర మీద ఒకసారికి కనిపించే పేర్ల పలక) 3 సెకన్లు, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 72 ఫ్రేములు. నాలుగు పేర్లుంటే అది చాలదు, పైకి చదివి చూసుకోండి. దర్శకుడి పేరు మామూలుగా చివర. అక్షరాలు ఫ్రేము మధ్య 90 శాతంలోనే ఉండాలి; కొన్ని టీవీలు అంచులు కోసేస్తాయి.

తెలుగులో అసలు తలనొప్పి ఒత్తులు. పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడిని గుద్దుతుంది, వరుసల మధ్య ఎడం పెంచండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘స్త్రీ’ అని టైప్ చేసి చూడండి. అక్షరం విడిపోతే అందులో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ కాలేదేమో చూడండి.