మనిషిని పెంచలేదు, నడక తగ్గించాం

బెంగళూరు శివార్లలో హోస్కోటె దగ్గర మా గోదాము. వంటింటి సామాన్ల ఆన్‌లైన్ ఆర్డర్లు పంపుతాం. సాయంత్రం బండి వచ్చేసరికి రోజూ కొన్ని ఆర్డర్లు మిగిలిపోయేవి. ఇంకో ఇద్దర్ని పెడదామన్నారు ఓనరు. ముందు కుర్రాళ్ల వెనకే తిరిగి చూశాను. సరుకు తీయడం క్షణం, మిగతాదంతా నడకే.

సరుకంతా కంపెనీల వారీగా పేర్చి ఉంది. స్టాకు లెక్కపెట్టేవాళ్లకి అది సుఖం, తీసేవాళ్లకి చాకిరీ. ఎక్సెల్‌లో ఏది ఎన్ని పీసులు పోయిందని కాక, ఎన్ని ఆర్డర్లలో వచ్చిందో తీశాను. కిటుకంతా ఇక్కడే. ఒక హోటల్ 100 గిన్నెలు కొన్నా కుర్రాడు ఆ అర దాకా వెళ్లేది ఒక్కసారే. కుక్కర్ గ్యాస్కెట్లు, విజిళ్లు, లైటర్లు అలా కాదు, రోజంతా ఒక్కొక్కటే పోతాయి. అవేమో చివరి వరసలో, నిచ్చెనకి గానీ అందని అరలో ఉన్నాయి!

వాటిని ప్యాకింగ్ బల్ల పక్క ర్యాక్‌లో నడుముకీ భుజానికీ మధ్య ఎత్తుకి దించాం. గ్రైండర్లు కింది అరకి. కలిపి కొంటారు కాబట్టి గ్యాస్కెట్ పక్కన విజిల్. దగ్గరి సైజుల గ్యాస్కెట్లు మాత్రం దూరదూరంగా పెట్టాం, లేదంటే ఒకటి బదులు ఇంకొకటి వెళ్లి వాపసు వస్తుంది. ఏది కదిలించినా అప్పటికప్పుడే కంప్యూటర్‌లో ర్యాక్ నంబరు మార్చాలి, లేకపోతే ఉన్న సరుకే దొరకదు. ఆర్డర్ షీటు కూడా ర్యాకుల వరసలోనే ప్రింటవుతోంది.

"అన్నా, నిచ్చెన అమ్మేద్దామా?" అన్నాడు మదనపల్లె కుర్రాడు. దసరా ముందు మళ్లీ లెక్క తీయాలి. అప్పుడు డిన్నర్ సెట్ల జోరు.