పిల్లికూనకు కు.ని. ఆపరేషన్ ఏ వయసులో, ఎలా చేయించాలి?

పిల్లికూనకు 4 నెలలు నిండాయంటే దాని కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు తేదీ ఖాయం చేసుకోవలసిన సమయం వచ్చినట్టే. ఈ మాట వినగానే చాలామంది "పాలవాసన పోని పిల్లకు అప్పుడేనా?" అని విస్తుపోతారు. కనీసం ఏడాదైనా నిండాలని, ఆడపిల్లి అయితే ఒక్క ఈతైనా ఈనాలని పెద్దలు చెబుతుంటారు. పిల్లి శరీరం అంతవరకు ఆగదు. ఆడపిల్లులు ఎక్కువగా 5 నుంచి 9 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తాయి. కొన్నయితే 4 నెలలు నిండగానే వచ్చేస్తాయి. మగవాటికి సాధారణంగా 8 నుంచి 10 నెలలు పడుతుంది గానీ, ఆరో నెలకే జతకట్టగలిగినవీ ఉంటాయి.

మా ఇంట్లో పెరిగిన ఒక తెల్లకూన నాలుగున్నర నెలల వయసులో ఒక రాత్రి ఉన్నట్టుండి గొంతు సాగదీసి అరవడం, నేలమీద పొర్లడం మొదలుపెట్టింది. కడుపునొప్పి కాబోలని వాము నీళ్లు పట్టబోయాము కూడా. మరునాడు పశువైద్యుడు దాన్ని బల్లమీద నిలబెట్టి, తోక మొదట్లో వేలితో రెండుసార్లు రాసేసరికి అది ముందుకాళ్లు వంచి, వెనుక భాగం పైకెత్తి, తోకను ఒక పక్కకు తప్పించి, వెనుక కాళ్లతో ఉన్నచోటే అడుగులు వేయసాగింది. "నొప్పి లేదు, ఏమీ లేదు, ఎదకు వచ్చింది" అని ఆయన నవ్వారు. కుక్కలకు కనిపించినట్టు పిల్లులకు ఎదలో రక్తస్రావం కనిపించదు కాబట్టి ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది.

ముందుగా వయసు తేల్చుకోవాలి

ఇంట్లోనే పుట్టిన కూన అయితే లెక్క సులభం. వీధిలో దొరికినదైతే నోరు తెరిచి చూడాలి. ముందువైపు చిన్న పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటే దానికి మూడున్నర, 4 నెలలు ఉన్నట్టు. పాల కోరపన్ను ఇంకా ఊడకముందే దాని పక్కన కొత్తది మొలిచి, ఒకేచోట రెండు కోరలు కనిపిస్తే ఐదో నెల చుట్టుపక్కల ఉన్నట్టు. మొత్తం 30 శాశ్వత దంతాలు వచ్చేశాయంటే 6 నెలలు దాటినట్టే. అప్పటికి ఆలస్యం మొదలైందని అనుకోవచ్చు.

బరువు కూడా కొంత చెబుతుంది. వంటింటి త్రాసుమీద గిన్నె పెట్టి, కూనను అందులో కూర్చోబెట్టి, గిన్నె బరువు తీసివేస్తే సరిపోతుంది. చక్కగా ఎదిగే కూన 2 నెలలకు సుమారు కిలో, 4 నెలలకు దాదాపు 2 కిలోలు తూగుతుంది. మన వీధుల్లో పుట్టిన కూనలు అంతకన్నా తేలికగానే ఉంటాయి కాబట్టి నేను బరువుకన్నా పళ్లనే ఎక్కువగా నమ్ముతాను.

ఆడో మగో తెలుసుకోవడానికి తోక పైకెత్తి చూడాలి. మలద్వారానికీ జననాంగానికీ మధ్య ఎడం చాలా తక్కువగా ఉండి, కింది రంధ్రం నిలువు గీతలా ఉంటే అది ఆడది. ఎడం ఎక్కువగా ఉండి, రెండూ చుక్కల్లా కనిపించి, నడుమ చిన్న ఉబ్బు తగిలితే మగది. తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ ఉన్న కూన ఇంచుమించు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది.

ఎద లెక్క అర్థం చేసుకోవాలి

పిల్లులను ఎదకు తెచ్చేది పగటి నిడివి. చలిదేశాల్లో చలికాలపు పొట్టి పగళ్లలో అవి కొన్ని నెలలు ఎదకు రాకుండా ఉంటాయి. హైదరాబాద్‌లో అతి పొట్టి పగలు కూడా 11 గంటలకు తగ్గదు, పైగా ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అందువల్ల మన దగ్గర పిల్లులు ఏడాది పొడవునా ఎదకు రావచ్చు. సీజను కాదులెమ్మని వాయిదా వేయడానికి ఇక్కడ వీలులేదు.

ఒక ఎద సుమారు వారం రోజులుంటుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది, అలా వస్తూనే ఉంటుంది. ఆవులు, గేదెల మాదిరిగా కాకుండా పిల్లిలో అండం జతకట్టిన తరువాతే విడుదలవుతుంది కనుక గండుపిల్లి చేరితే చూలు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. చూలు కాలం 63 నుంచి 65 రోజులు, ఈతకు మామూలుగా 3 నుంచి 5 కూనలు. అంటే నాలుగున్నర నెలలకు ఎదకు వచ్చినది ఏడో నెల నిండకుండానే తల్లి అవుతుంది. తన ఒళ్లే ఎదగవలసిన వయసులో కూనలను నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పుతుంది. పాలిస్తున్న తల్లి కూడా ఈనిన కొద్ది వారాలకే మళ్లీ ఎదకు రాగలదు. అన్నాచెల్లెళ్లన్న వరస పిల్లులకు లేదు కాబట్టి, ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ కూనలను కలిపి పెంచుతున్నవారు నాలుగో నెల నిండేసరికి వాటిని వేరు చేయాలి, లేదా కనీసం ఒకదానికైనా అప్పటికి ఆపరేషన్ అయిపోవాలి.

మగపిల్లి పెద్దదైనప్పుడు వెనక్కి తిరిగి, తోక నిటారుగా ఆడిస్తూ గోడలమీద, తలుపుల మీద మూత్రం చిమ్ముతుంది. ఆ కంపు ఫినాయిల్‌తో కడిగినా ఓ పట్టాన పోదు, పైగా ఫినాయిల్ పిల్లులకు విషం. రాత్రుళ్లు తిరగడం, కొట్లాడుకుని చీముగడ్డలతో రావడం, కాట్ల ద్వారా రోగనిరోధకశక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ వైరస్ తెచ్చుకోవడం ఆ తరువాతి సంగతులు.

తేదీని టీకాలతో ముడిపెట్టాలి

కూనలకు మామూలుగా 8, 12, 16 వారాల వయసులో టీకాలు వేస్తారు. రేబిస్ టీకా 3 నెలలు నిండాక వేస్తారు. చివరి టీకా తరువాత రెండు వారాలు ఆగితే 18 వారాలు అవుతుంది, అంటే 4 నెలలు దాటి కొద్ది రోజులు. శస్త్రచికిత్సకు నా దృష్టిలో ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. 5 నెలలు నిండేలోపు పిల్లులకు ఈ ఆపరేషన్ పూర్తిచేయాలన్న సిఫారసును అమెరికన్ పశువైద్య సంఘం 2017లో సమర్థించింది. ఆశ్రయ కేంద్రాల్లో 2 నెలల కూనలకు కూడా చేస్తారు కానీ, ఇంటి పిల్లికి అంత తొందర అక్కరలేదు.

ఒక్క ఈత అయ్యాక చేయిస్తే ఆరోగ్యానికి మంచిదన్న మాటకు ఆధారం లేదు. అసలు సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. పిల్లుల్లో వచ్చే రొమ్ముగడ్డల్లో అత్యధికం క్యాన్సర్లే. అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 6 నెలలలోపు ఆపరేషన్ అయిన పిల్లుల్లో ఆ ముప్పు 91 శాతం, ఏడాదిలోపు అయినవాటిలో 86 శాతం తగ్గింది. రెండో ఏడు చేయించినవాటిలో తగ్గుదల 11 శాతమే. గర్భసంచిలో చీముపట్టే ప్రాణాంతక వ్యాధి భయం కూడా ఆపరేషన్‌తో పోతుంది. చిన్న వయసులో చేయిస్తే మగపిల్లికి మూత్రనాళం సన్నబడి మూత్రం బిగుసుకుపోతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. పరిశీలనల్లో అది నిలబడలేదు.

ఆపరేషన్‌కు ముందు, ఆ రోజు

వారం ముందే ఒకసారి చూపించి, బరువు తూయించి, గుండె, ఊపిరి పరీక్ష చేయించాలి. విరేచనాలు, తుమ్ములు, కళ్లలో పుసులు ఉంటే అవి తగ్గేదాకా ఆగాలి. మగకూనకు రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో అప్పుడే చూడమని అడగాలి. దిగనిదాన్ని కడుపులోనో గజ్జల్లోనో వెతికి తీయవలసి వస్తుంది, అది కొంచెం పెద్ద పని.

మనుషులకు చెప్పినట్టు రాత్రంతా పస్తు ఉంచడం చిన్న కూనల విషయంలో పెద్ద పొరపాటు. ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ కనుక అవి నీరసించి పడిపోగలవు. 4, 5 నెలల కూనను సాధారణంగా 2 నుంచి 4 గంటలకు మించి పస్తు ఉంచరు, నీళ్లు ఆపరు. కచ్చితమైన సమయాన్ని ఆపరేషన్ చేసే వైద్యుడినే అడగాలి. చేతుల్లో ఎత్తుకుని ఆటోలో తీసుకుపోవద్దు, హారన్ మోతకు బెదిరి దూకేస్తుంది. బుట్ట గానీ బోను గానీ తప్పనిసరి.

ఆడదానికైనా మగదానికైనా ఆపరేషన్ పూర్తి మత్తులోనే చేస్తారు. ఆడపిల్లికి పొట్టమీదో పక్కమీదో చిన్న కోత పెట్టి అండాశయాలను, మామూలుగా గర్భసంచిని కూడా తీసివేసి కుట్లు వేస్తారు. మగపిల్లికి వృషణాలు తీసివేస్తారు. కోత ఎంత చిన్నదంటే తరచుగా కుట్లు కూడా అక్కరలేదు.

ఇంటికి తెచ్చాక

మొదటి రాత్రి మత్తు పూర్తిగా దిగదు కాబట్టి తూలుతుంది. మంచాలు, బీరువాలు ఎక్కే వీలులేని చిన్న గదిలో, నేలమీద పాత దుప్పటి పరిచి, వెచ్చగా ఉంచాలి. బాగా తెలివిలోకి వచ్చాక మామూలు తిండిలో పావు వంతు పెట్టి చూడాలి. మరునాటికి కూడా ముద్ద ముట్టకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, గాయం నుంచి నెత్తురు లేదా చీము కారినా వెంటనే తీసుకువెళ్లాలి.

నొప్పికి పారాసిటమాల్ మాత్ర వేయకూడదు. పిల్లి కాలేయం దాన్ని విరిచివేయలేదు, ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. వైద్యుడు రాసిన మందు, రాసిన మోతాదులోనే ఇవ్వాలి. గాయం నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ ఉంచాలి. దాన్ని చూసి జాలిపడి తీసేసేవారే కుట్లు ఊడాయని మళ్లీ ఆసుపత్రికి పరుగెడతారు. ఆడపిల్లిని 10 నుంచి 14 రోజులు, మగదాన్ని వారం రోజులు ఎగరనివ్వకుండా, స్నానం చేయించకుండా చూసుకోవాలి.

మగపిల్లికి ఆపరేషన్ అయిన రోజే సంతానశక్తి పోదు. నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాలపాటు చూలు కట్టించగలదు. ఒక నెల ఆడపిల్లులకు దూరంగా ఉంచితే నిశ్చింత.

ఇప్పటికే ఎదకు వచ్చినా, చూలు కట్టినా

ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువగా ఉంటుంది కాబట్టి కొందరు వైద్యులు వారం పది రోజులు ఆగమంటారు, కొందరు అప్పుడే చేస్తారు. ఆగమంటే ఆ రోజుల్లో కిటికీలు, బాల్కనీ తలుపులు మూసే ఉంచాలి. అరుపులు భరించలేక మనుషుల గర్భనిరోధక మాత్రలు వేసేవారున్నారు. అవి గర్భసంచికి, రొమ్ములకు చేటు చేస్తాయి. చూలు తొలి దశలో కూడా ఆపరేషన్ చేయవచ్చు. అది వద్దనుకుంటే ఈనాక కూనలు పాలు మానే వరకు తల్లిని బయట తిరగనివ్వకుండా ఉంచి, పాలు ఇంకిన తరువాత చేయించాలి.

ఆపరేషన్ అయ్యాక పిల్లి శరీరానికి కావలసిన శక్తి దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఎదిగే వయసు కనుక తిండి ఒక్కసారిగా కోసివేయకూడదు గానీ, గిన్నె నిండా పోసి వదిలేసే అలవాటు మానుకుని, పూటపూటకు కొలిచి పెట్టాలి. నెలకోసారి అదే వంటింటి త్రాసుమీద తూచి గోడ క్యాలెండర్‌మీద రాసుకుంటే, పక్కటెముకలు చేతికి తగలకుండా పోయేదాకా ఆగకుండానే అది లావెక్కుతున్న సంగతి తెలుస్తుంది.