ఇప్ప మొక్కను గింజ నుంచి పెంచడం ఎలా?

తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో, ములుగు చుట్టుపక్కల చెల్కల్లో (ఎర్ర ఇసుక నేలల్లో) పెద్ద ఇప్పచెట్లు ఇంకా ఉన్నాయి. వాటి కింద పిల్లమొక్క కనబడటమే అరుదు. గింజలు నూనెకు పోతాయి, మొలిచినవాటిని మేకలు కొరికేస్తాయి, మిగిలినవి పువ్వు ఏరడానికి ఆకులకు పెట్టే మంటలో మాడిపోతాయి. ఆకులు కాల్చకుండా ఊడ్చి, చెట్టు కింద పాత చీరలు పరిచినా పువ్వు శుభ్రంగా దొరుకుతుంది.

ముందు గింజ సంగతి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో కాయలు పండి రాలతాయి. రాలిన రోజే ఏరండి. పుచ్చినవి, ముడుచుకున్నవి వద్దు. గుజ్జును ఆ పూటే నీళ్లలో పిసికి కడగాలి, లేదంటే పులిసి బూజు పడుతుంది. కడిగాక ఎండలో పోయొద్దు. ఎక్కువమందికి మొలకలు రాకపోవడానికి కారణం ఇదే. కందులు, పెసర్లలాగా దీన్ని వచ్చే ఏటికి దాచలేం. లోపలి తేమ ఆరితే మొలక చస్తుంది. నూనె కోసం ఎండబెట్టిన గింజను కొని విత్తడం దండగ. నీడలో పరిచి, తడి గోనెపట్టా కప్పి, వారంలోపు విత్తేయండి.

గింజ విత్తి మొక్క పెంచే సంచి కనీసం 10 అంగుళాల పొడవుండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పెంట కలిపి నింపండి. గింజను అడ్డంగా పడుకోబెట్టి 2 సెంటీమీటర్ల మట్టి కప్పితే చాలు. లోతుగా పెట్టినా, నీళ్లు నిలిచినా కుళ్లిపోతుంది. మొలకకు రెండు వారాలు అటూ ఇటూగా పడుతుంది.

తల్లివేరు మహా తొందరగా దిగుతుంది. సంచి చీల్చుకుని నేలలో పాతుకుంటే, తీసేటప్పుడు తెగి మొక్క వాడిపోతుంది. నెలకోసారి సంచులను పక్కకు జరపండి. కంప నాటి కాపాడుకోగలిగితే నేరుగా గుంతలోనే రెండు గింజలు పెట్టి, తర్వాత బలమైనదాన్ని ఉంచడం ఇంకా మేలు.

సంచి మొక్కను మరుసటి ఏడు తొలి వానలకు నాటాలి. 45 సెంటీమీటర్ల గుంతలు వేసవిలోనే తవ్వి ఎండనివ్వండి. చెట్టుకూ చెట్టుకూ 8 నుంచి 10 మీటర్లు ఉండాలి. నీరు నిలిచే రేగడి పనికిరాదు. చెల్క, గట్లు మంచివి. సంచిని కోసి, మట్టిగడ్డ చెదరకుండా దించండి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు పోయండి. మేకకు అందనంత ఎత్తు పెరిగేదాకా కంప తీయొద్దు. పువ్వు రావడానికి ఎనిమిది, పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.