ఆదివారం పెసరట్టుతో బత్తాయి బీరు

నెలకో ఆదివారం మా తమ్ముడు, మరదలు మియాపూర్‌లో మా ఇంటికి వస్తారు. పొద్దున్నే టిఫిన్ చెయ్యం, మధ్యాహ్నం భోజనం వండం. పదకొండు దాటాక పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి, ఆమ్లెట్లు అన్నీ పెట్టుకుని ఒకేసారి కూర్చుంటాం. ఆ పూట గ్లాసుల్లోకి నేను కలిపేది బత్తాయి రసం, గోధుమ బీరు. బయటి దేశాల్లో షాంపేన్‌లో నారింజ రసం పోసి మిమోసా అంటారు. షాంపేన్ బదులు బీరు పోస్తే అది బీర్‌మోసా. పేరు ఏదైనా చేసే పని రెండు నిమిషాలే. కానీ ఆ రెండు నిమిషాల ముందు కాయ దగ్గర జాగ్రత్త పడకపోతే గ్లాసంతా చేదైపోతుంది.

నాకు అలాగే అయింది. మొదటిసారి ఎనిమిది మందిని పిలిచాను. పొద్దున్నే హడావుడి ఎందుకని శనివారం రాత్రే కాయలన్నీ ఒలిచి, మిక్సీలో తిప్పి, వడకట్టి, జగ్గుతో ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి రుచి చూస్తే తియ్యగా, బాగుంది. తెల్లారి బీరులో కలిపి ఇచ్చాను. మా మరదలు ఒక గుక్క తాగి, "వదినా, ఈ బీరు పాతదేమో చూడండి" అంది. జగ్గులో రసం విడిగా తాగి చూశాను. చేదు. బీరుది ఏ తప్పూ లేదు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. నల్గొండ వైపు మాకు బత్తాయి తోట ఉంది. ఆయన బీరు ముట్టరు గానీ కాయ గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. "పిండిన రసం నిలవ ఉంచకూడదమ్మా, గంటల్లో చేదెక్కుతుంది. గింజ నలిగితే ఇంకా ఎక్కువ" అన్నారు. దాని కారణం తర్వాత చదివాను. కాయలో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. రసం తీశాక అందులోని పులుపు తగిలి అది నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. తొక్క కింద తెల్లపొరలోను, గింజల్లోను ఇది ఎక్కువ. మిక్సీ బ్లేడు ఆ రెండింటినీ నలిపి రసంలో కలిపేస్తుంది.

అందుకే ఇప్పుడు రసం చల్లబెట్టను, కాయలు చల్లబెడతాను. శనివారం రాత్రి బత్తాయిలు తొక్కతోనే ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పిండిన రసం చల్లగానే వస్తుంది. చల్లటి కాయ గట్టిగా ఉండి సరిగ్గా పిండబడదు కాబట్టి ముందు గట్టు మీద పెట్టి, అరచేత్తో అదిమి, అటూ ఇటూ పదిసార్లు దొర్లించండి. చేతికింద మెత్తబడటం తెలుస్తుంది. అడ్డంగా రెండు చెక్కలు కోసి, చేత్తో తిప్పే స్క్వీజర్ మీద పిండండి. తెల్లపొర గీరుకునేదాకా తిప్పకండి, చివరి నాలుగు చుక్కలు పోయినా పర్లేదు. టీ వడపోసే జల్లెడలో వడకట్టండి. పిప్పి ఉంటే బీరు పోయగానే నురగ ఒక్కసారిగా పొంగి గ్లాసు దాటుతుంది.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. ఆకుపచ్చగా ఉన్న బత్తాయి కూడా తియ్యగా ఉంటుంది. చేతిలో పట్టుకుంటే సైజుకి మించిన బరువుండాలి, తొక్క పల్చగా, నున్నగా ఉండాలి. మన దగ్గర ఎక్కువగా పండేది సాతుగుడి రకం. ఇంగ్లీషులో స్వీట్ లైమ్ అని రాస్తారు గానీ ఇది నిమ్మ జాతి కాదు, తియ్య నారింజ జాతే. కాబట్టి మిమోసాలో నారింజ చేసే పని మన బత్తాయి చక్కగా చేస్తుంది. పులుపు కాస్త తక్కువ, అంతే. దానికి గ్లాసుకి నాలుగైదు చుక్కల నిమ్మరసం చాలు. ప్యాకెట్ జ్యూస్ మాత్రం వద్దు, అందులో చక్కెర కలిపి ఉంటే బీరు రుచి పూర్తిగా అణిగిపోతుంది.

బీరు విషయంలో నా మాట ఒక్కటే: గోధుమ బీరు తీసుకోండి. బార్లీతో పాటు గోధుమ వేసి చేస్తారు, చేదు తక్కువ, నురగ మెత్తగా ఉంటుంది. బెల్జియం పద్ధతిలో చేసేవాటిలో నారింజ తొక్క, ధనియాలు కూడా వేస్తారు. మన పోపుల డబ్బాలో ఉండే ధనియాలే. బత్తాయి రసం దానికి అంతగా అతకడానికి కారణం అదే అని నా నమ్మకం. హోగార్డెన్ ఈ రకమే. బిరా వైట్ కూడా గోధుమ బీరే. స్ట్రాంగ్ బీరు అస్సలు వద్దు. ఘాటు రసంలో కలవదు, పైగా రసం తీపికి ఎంత తాగామో తెలియకుండా లోపలికి పోతుంది. బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు ఎక్కువగా వేసే ఐపీఏ రకం బీరు కూడా పుల్లటి పండుతో పడదు.

కొలతలు: 330 మిల్లీలీటర్ల పింట్ ఒకటి, పెద్ద బత్తాయిలు రెండు. రసం దాదాపు 150 మిల్లీలీటర్లు వస్తుంది. ఇద్దరికి సరిపోతుంది. బీరు రెండు వంతులు, రసం ఒక వంతు. బీరులో ఆల్కహాల్ ఐదు శాతమైతే గ్లాసులో మూడున్నర దాకా తగ్గుతుంది.

పొడుగు గ్లాసులు సబ్బు వాసన లేకుండా కడిగి, చివర్లో చన్నీళ్ళతో తొలిపి, తుడవకుండా పెట్టుకోండి. జిడ్డు, సబ్బు ఉంటే నురగ నిలవదు. ముందు రసం రెండు గ్లాసుల్లోకి సమానంగా పోయండి. గ్లాసు పక్కకి వంచి, బీరు గోడ మీదుగా సన్నగా జారనివ్వండి. ముప్పావు నిండాక నిటారుగా పెట్టి మిగిలింది మధ్యలో పోయండి. సీసా అడుగున రెండు వేళ్ళ బీరు ఉండగా ఒకసారి చుట్టూ తిప్పండి, అడుగున ఉన్న ఈస్ట్ మడ్డి లేచి కలుస్తుంది. అది మబ్బుగా, లేత పసుపులో దిగుతుంటే చూడటం నాకు ప్రతిసారీ ఇష్టమే. చెంచా పెట్టి కలపొద్దు, గ్యాస్ అంతా పోతుంది. ఐస్ వద్దు, పల్చబడుతుంది. పైన ఉప్పు గానీ చాట్ మసాలా గానీ చల్లొద్దు, గ్యాస్ లేచి పొంగుతుంది.

బత్తాయి దొరకని రోజుల్లో అనాస రసం బాగుంటుంది, అదీ వడకట్టే. మామిడి గుజ్జు ప్రయత్నించాను, చిక్కదనానికి కిందే కూర్చుండిపోయింది.

కారు నడిపేది మా తమ్ముడు. వాడి గ్లాసులో అదే బత్తాయి రసం, బీరు బదులు సోడా, నాలుగు చుక్కల నిమ్మరసం, దంచిన ధనియాలు రెండు గింజలు. అదే పొడుగు గ్లాసు, అలాగే వంచి పోస్తాను. పోయినసారి మా ఆయన పొరపాటున వాడి గ్లాసు తీసుకుని, సగం తాగేదాకా గుర్తుపట్టలేదు.