మా పద్మినికి రంగు కుదిరిన సంగతి

నాన్న పాత కారు ప్రీమియర్ పద్మిని బానెట్ మీద రంగు పొక్కులొచ్చి, గోటితో గీకితే అప్పడంలా ఊడొచ్చేది. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో డిక్కీ లోపల రుద్దితే రంగంతా గుడ్డకే అంటింది. అంటే అది పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్, థిన్నర్ తగిలితే కరిగిపోయే రకం. దాని మీదే టూకే పీయూ, అంటే గట్టిపరిచే ద్రవం (హార్డెనర్) కలిపి కొట్టే పాలియురేథేన్ రంగు, కొడితే అందులోని థిన్నర్ ఘాటుకు కింది పొర ముడతలు పడే ప్రమాదముంది. అందుకే రేకు బయటపడేదాకా గీకించి, తుప్పు తీయించి, రంగుకు ముందు రేకు మీద వేసే ఎపాక్సీ ప్రైమర్ వేయించాను.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని పెయింట్ షాపులో "ఎన్‌సీ సగం ధరకే వస్తది, భాయ్" అన్నారు. నిజమే, కానీ మన ఎండకు అది తొందరగా వెలిసిపోతుంది, మాటిమాటికీ పాలిష్ పట్టాలి. పైగా ముసురులో కొడితే తెల్లగా మసకేస్తుంది. టూకేనే తీసుకున్నా. ప్రైమర్, రంగు, హార్డెనర్, థిన్నర్ అన్నీ ఒకే కంపెనీవి.

షేడ్ దగ్గరే అసలు తిప్పలు. బయటి రంగు ఎండకు పాలిపోయింది కాబట్టి, డ్యాష్‌బోర్డు కింద ఎండ తగలని చోట రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి, అక్కడి గోధుమ ఛాయ తెలుపుతో పోల్చాం. ముందు ఒక రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక ఆరుబయట చూశాను. ట్యూబ్‌లైట్ కింద అన్ని తెలుపులూ ఒకటే! మెటాలిక్ వద్దన్నాను, ఆ కారుకు నప్పదు.

హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. ముక్కుకు గుడ్డ చాలదు, పెయింటర్‌కు ఆవిర్లను వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు కొనిచ్చాను.

హార్డెనర్ కలపని రంగు కొంచెం డబ్బాలో దాచాను, టచప్‌లకు.